నీటి దారిలో హంగరీ

యూరప్ టూరు ప్యాకేజీల్లో హంగరీ వంతుకి వచ్చేది చాలాసార్లు ఒకటే రాత్రి. వియన్నా నుంచి బస్సులో సాయంత్రానికి బుడాపెస్ట్ చేరుస్తారు. డాన్యూబ్ మీద పడవెక్కించి దీపాల వెలుగులో పార్లమెంటు భవనం చూపిస్తారు. తెల్లారేసరికి ప్రాగ్ వెళ్ళే బస్సు సిద్ధం. నల్లజర్ల, తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు నుంచి విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి, అటునుంచటే యూరప్ చుట్టివచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనవాళ్ళు హంగరీని ఇలా దాటేయడం నాకు బాధగా ఉంటుంది. నదుల్ని మళ్ళించి, సరస్సుల్ని కుదించి, ఆ కష్టనష్టాలు పడి, కొంతవరకు దిద్దుకున్న దేశమది. మనకి అర్థమైనంతగా ఆ చరిత్ర వేరేవాళ్ళకి అర్థం కాదని నా నమ్మకం.

విస్తీర్ణం సుమారు 93 వేల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే కాస్త ఎక్కువ. జనాభా కోటికి లోపు. సముద్రం లేదు. డాన్యూబ్ ఉత్తరం నుంచి దక్షిణానికి దేశాన్ని రెండుగా చీలుస్తుంది. పడమటి ఒడ్డున బుడా కొండలు, తూర్పు ఒడ్డున చూపు ఆనినంత మైదానం. నల్లజర్ల దాటి గూడెం వైపు దిగుతుంటే మెట్ట పోయి మాగాణి వచ్చినట్టే, బుడా నుంచి వంతెన దాటి పెస్ట్‌లో అడుగుపెడితే నేల తీరు మారిపోతుంది. ఆ మైదానం గుండా టిసా అనే మరో నది మెలికలు తిరుగుతూ పారుతుంది.

హంగరీవాళ్ళ పూర్వికులైన మగ్యార్లు అర్పాద్ నాయకత్వంలో తూర్పు గడ్డిభూముల నుంచి గుర్రాల మీద ఇక్కడికి వచ్చింది 895 ప్రాంతంలో. చుట్టూ ఉన్న జర్మన్, స్లావ్ భాషలతో వాళ్ళ భాషకి చుట్టరికం లేదు. దాని దూరపు బంధుభాషలు ఫిన్లండ్‌లో, ఎస్తోనియాలో ఉన్నాయి. హంగరీవాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత చెప్పుకుంటారు. 1000వ సంవత్సరం చివర ఇస్త్వాన్ క్రైస్తవ రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. మన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు పాలించింది ఆ తర్వాత రెండు దశాబ్దాలకి. 1241లో మంగోలులు వచ్చి దేశాన్ని ఊడ్చేశారు. 1526లో మొహాచ్ యుద్ధంలో తురుష్కులు గెలిచారు. 1541 నుంచి 1686 దాకా బుడా వాళ్ళ చేతిలోనే ఉంది. హాబ్స్‌బర్గ్ రాజవంశపు సైన్యాలు బుడాని విడిపించిన మరుసటి ఏడే, 1687లో, మన దగ్గర గోల్కొండ ఔరంగజేబు వశమైంది.

తురుష్కులు వదిలి వెళ్ళిన వాటిలో రెండు ఇప్పటికీ చూడొచ్చు. మొదటిది వేడినీటి స్నానశాలలు. బుడా కొండల కింద సహజంగా ఉబికే వేడి ఊటల మీద పదహారో శతాబ్దంలో కట్టిన రుదాష్ స్నానశాల గుమ్మటం కింద ఎనిమిది మూలల తొట్టెలో జనం ఈనాటికీ మునుగుతున్నారు. రెండోది మిరప. అమెరికా ఖండంలో పుట్టిన ఈ కాయ పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరిన కాలంలోనే తురుష్కుల ద్వారా హంగరీకీ వచ్చిందంటారు. సెగెడ్, కలోచా ఊళ్ళు దాని పండ్ల కారానికి పేరుపడ్డాయి. సెగెడ్ విశ్వవిద్యాలయంలో సెంట్ గ్యోర్గీ ఆల్బర్ట్ విటమిన్ సి ని పెద్ద మొత్తంలో తీసింది మిరప నుంచే. 1937లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఊళ్ళో హలాస్‌లే తినకుండా తిరిగి రావద్దు. ఇది చేపల పులుసు. ఉల్లిపాయలు, ఎర్ర కారం వేసి బయట మంట మీద వేలాడదీసిన ఇనుప బొచ్చెనలో కాస్తారు. చింతపండు ఉండదు, కారం మనంత ఘాటు కాదు. అందులో ఎక్కువగా వేసే చేప మన కొల్లేటి శీలావతి, బొచ్చెల జాతిదే.

ఇక అసలు కథ పందొమ్మిదో శతాబ్దంలో ఉంది. 1838 మార్చిలో కరిగిన మంచుగడ్డలు అడ్డుపడి డాన్యూబ్ పొంగింది, పెస్ట్ మునిగిపోయింది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూపే రాతిపలకలు పాత గోడల మీద ఇంకా ఉన్నాయి. 1986 గోదావరి వరద గుర్తున్నవాళ్ళు వాటి ముందు కాసేపు ఆగుతారు. ఆ తరంలో దేశాన్ని కదిలించిన మనిషి సేచెనీ ఇస్త్వాన్ అనే ప్రభువు. బుడాని పెస్ట్‌తో శాశ్వతంగా కలిపిన గొలుసు వంతెన ఆయన పట్టుదల వల్లే 1849లో తెరుచుకుంది. 1846లో ఆయన టిసా నది పనులు మొదలుపెట్టించాడు. ప్రణాళిక గీసిన ఇంజినీరు వాషార్‌హెయి పాల్ పని మొదలవకముందే కన్నుమూశాడు. సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1847లో, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్టకి పునాది వేయించాడు. అది 1852లో పూర్తయి కాలువలు పారాక ఈ నేల వరిమాగాణి అయింది.

రెండు పనుల తీరు వేరు. కాటన్ నీటిని నిలిపి పొలాలకు పంచాడు. హంగరీ ఇంజినీర్లు నీటిని తరిమారు. టిసా మెలికల్ని అడ్డంగా తవ్వి నది పొడవుని దాదాపు 450 కిలోమీటర్లు తగ్గించారు. రెండు వైపులా గట్లు పోసి ముంపు భూముల్ని గోధుమ పొలాలు చేశారు. పంట పెరిగింది. కానీ పరుచుకోవడానికి చోటు లేక వరదనీరు గట్ల మధ్య ఎత్తు పెరిగింది. 1879 మార్చిలో సెగెడ్ దగ్గర గట్టు తెగింది. ఐదు వేలకు పైగా ఇళ్ళలో నిలిచినవి మూడు వందల లోపే. ఊరిని మళ్ళీ కట్టడానికి సాయం చేసిన నగరాల పేర్లు అక్కడి వలయ రహదారికి పెట్టారు. లండన్, పారిస్, రోమ్, వియన్నా అంటూ ఊరు చుట్టి నడవొచ్చు.

బలటాన్ సరస్సు దగ్గరికి వస్తే కొల్లేరు గుర్తుకు రాక తప్పదు. విస్తీర్ణం 594 చదరపు కిలోమీటర్లు, పొడవు 77 కిలోమీటర్లు, సగటు లోతు మూడు మీటర్ల పైచిలుకు. దక్షిణపు ఒడ్డున చాలా దూరం నడుములోతు నీళ్ళలో నడిచిపోవచ్చు. మిగులు నీరు పోవడానికి ఒకటే దారి, షియో కాలువ. కొల్లేటికి ఉప్పుటేరు ఎలాగో అలాగ. దక్షిణ ఒడ్డున రైలు పట్టాలకి ముంపు తప్పాలని 1863లో షియోఫోక్‌లో తలుపులు కట్టి సరస్సు మట్టం దించారు. పడమటి కొసన జాలా నది వచ్చి కలిసే చోట చిన్న బలటాన్ అనే రెల్లు చిత్తడి ఉండేది. నదీజలం అందులో నిలిచి, మట్టినీ ఎరువులనూ వదిలి, తేటపడి సరస్సులోకి వచ్చేది. మట్టం తగ్గడం, ఆ తర్వాత కాలువలు తవ్వి ఆరబెట్టడం వల్ల ఆ చిత్తడి ఎండిపోయింది. 1970ల నాటికి పొలాల ఎరువులు, ఊళ్ళ మురుగు నేరుగా సరస్సులో కలిసి నీరు నాచుపట్టి పచ్చబడింది. బయటి నుంచి తెచ్చి వదిలిన ఈల్ చేపలు 1991లో వందల టన్నులు చచ్చి తేలాయి.

ఈ నష్టాన్ని దిద్దడానికి వాళ్ళు చేసింది చూడటానికే బలటాన్ వెళ్ళాలి. మురుగుని శుద్ధి చేశారు, చాలాచోట్ల సరస్సు పరీవాహకం బయటికి మళ్ళించారు. ఈల్ పిల్లల్ని వదలడం ఆపేశారు. ఆరిపోయిన చిన్న బలటాన్‌లోకి 1985 నుంచి మళ్ళీ నీరు వదిలారు. రెల్లు తిరిగి పెరిగింది, కొంగలు వచ్చాయి, సరస్సు తేటపడింది. మన దగ్గర కొల్లేరు +5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాకెక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అయినా చెరువులు మళ్ళీ వెలిశాయి, తగాదా ఇంకా తెగలేదు. కొల్లేటి లంకల్లో వేలాది కుటుంబాల బతుకు చెరువు మీదే ఉంది కాబట్టి రెండు చోట్లా సమస్య ఒకటేనని అనలేం. కానీ నీరు తేటపడే చోటు మిగలాలన్న విషయంలో మాత్రం తేడా లేదు. బలటాన్ ఉత్తరపు ఒడ్డున బలటాన్‌ఫ్యూరెడ్ ఉంది. 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ గుండె జబ్బుకి ఆ ఊళ్ళోనే చికిత్స చేయించుకుని, ఒడ్డున ఒక లిండెన్ మొక్క నాటారు. ఆ ఒడ్డు బాటకి ఇప్పుడు ఆయన పేరే.

మళ్ళీ రాజధానికి వద్దాం. 1873లో బుడా, ఓబుడా, పెస్ట్ కలిసి ఒకే నగరమైంది. 1896లో యూరప్ ప్రధాన భూభాగంలోనే మొదటి భూగర్భ రైలు అక్కడ నడిచింది. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం హంగరీని కుదిపింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 త్రియానాన్ ఒప్పందంతో మూడింట రెండొంతుల భూమి పోయింది. 1944లో కొద్ది నెలల్లోనే నాలుగు లక్షలకు పైగా యూదుల్ని మృత్యు శిబిరాలకు తరలించారు. ఆ చలికాలంలో స్థానిక ఫాసిస్టులు మరెందర్నో డాన్యూబ్ గట్టు మీద నిలబెట్టి, చెప్పులు విప్పించి కాల్చి నదిలో పడేశారు. పార్లమెంటుకి దగ్గర్లో అదే గట్టున 60 జతల ఇనుప బూట్లు ఉన్నాయి. కొన్ని ఆడవాళ్ళవి, కొన్ని పసివాళ్ళవి. పడవ షికారు చేసేవాళ్ళకి అవి సరిగా కనపడవు, గట్టు మీదకి నడిచి వెళ్ళాలి. 1956 తిరుగుబాటుని సోవియట్ ట్యాంకులు అణచివేశాయి. 2004లో దేశం యూరోపియన్ యూనియన్‌లో, 2007లో షెంగెన్‌లో చేరింది.

తెలుగువాళ్ళకి హంగరీతో అసలు చుట్టరికం చదరంగంతో కుదిరింది. కొల్లేటి పక్కన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002 మేలో బుడాపెస్ట్‌లో జరిగిన ఎలెకెష్ స్మారక పోటీలో గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించింది. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ళ ఒక నెల 27 రోజులు. అంత చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా అంతకుముందు రికార్డు పోల్గార్ యూదిత్‌ది. యూదిత్ సొంత ఊరు బుడాపెస్టే. 2024 సెప్టెంబరులో అదే నగరంలో జరిగిన ఒలింపియాడ్‌లో భారత్ రెండు విభాగాల్లోనూ బంగారు పతకం గెలిచింది. ఆ జట్లలో గుంటూరు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, వరంగల్ ఎరిగైసి అర్జున్ ఉన్నారు. సేచెనీ స్నానశాలలో వేడినీళ్ళలో మెడవరకు మునిగి చదరంగం ఆడే పెద్దమనుషుల్ని చూస్తే ఆ ఊరికి ఈ ఆట ఎంత సొంతమో తెలుస్తుంది.

2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు మన వైద్య విద్యార్థులు ఎందరో జాహోన్ దగ్గర హంగరీ సరిహద్దు దాటి రైళ్ళలో బుడాపెస్ట్ చేరి, ఆపరేషన్ గంగా విమానాల్లో ఇళ్ళకి వచ్చారు. ఆ నగరం పేరు మొదటిసారి ఆదుర్దాతో విన్న ఇళ్ళు మన జిల్లాల్లోనూ ఉన్నాయి.

వెళ్ళేవాళ్ళకి షెంగెన్ వీసా చాలు. డబ్బు మాత్రం యూరో కాదు, ఫోరింట్. ఏప్రిల్ చివర నుంచి అక్టోబరు మొదటి వారం దాకా వాతావరణం మనకి అనువుగా ఉంటుంది. నాలుగు రోజులు చేతిలో ఉంటే బుడాపెస్ట్‌కి రెండు, సెగెడ్‌కి ఒకటి, బలటాన్‌కి ఒకటి ఇవ్వండి. బుడాపెస్ట్‌లో దేలి స్టేషన్ నుంచి షియోఫోక్‌కి రైళ్ళు ఉన్నాయి. అక్కడ దిగాక రిసార్టుల వైపు పోయేముందు, ఊరి మధ్యలో కాలువ మీదున్న తలుపుల దగ్గరికి వెళ్ళి చూడండి.