ఖైరతాబాదు: ఎల్లగీతయు, వోటు బరువును

చరిత్రమనగా రాజుల యుద్ధములును, రాజ్యముల పుట్టుకయు, పతనమును మాత్రమే యని మనలో పెక్కుమంది తలంచుచుందురు. ఒక నగరమందలి శాసనసభా నియోజకవర్గమున కెల్లలెట్లు గీయబడినవి, అందలి ప్రజలెవ్వరి నెన్నుకొనిరి యనునదియు చరిత్రమే. దీనికి కర్తలు మనవంటి గృహస్థులును, గృహిణులును. కావున హైదరాబాదు నగరమందలి ఖైరతాబాదు వృత్తాంతమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఖైరతాబాదు హుస్సేనుసాగరమునకు నైరృతి దిక్కున నున్నది. కుతుబ్‌షాహీ రాజకుమార్తె ఖైరున్నీసా పేర ఇది వెలసినదని చెప్పుదురు. ప్రక్కనున్న సోమాజీగూడలో రాజభవనమును, పడమట బంజారా గుట్టలపై శ్రీమంతుల మేడలును, వానికి అనతిదూరముననే కూలివారి బస్తీలును గలవు. నిజాముల పాలనలో వీరిలో మేడవారికిగాని బస్తీవారికిగాని సార్వజనిక వోటుహక్కు లేకుండెను. 1952 నాటి ఎన్నికలలో ఇరువదియొక్క యేండ్లు నిండిన స్త్రీపురుషులందరికిని అది సమానముగా లభించెను. 1988లో చేయబడిన 61వ రాజ్యాంగ సవరణము ఆ వయస్సును పదునెనిమిదేండ్లకు తగ్గించెను.

హక్కు సమానమైనను, దాని బరువు సమానముగా నిలువలేదు. అదెట్లనగా, 1976 నాటి 42వ సవరణము 1971 జనగణనము ప్రకారము నిర్ణయమైన స్థానముల సంఖ్యను మార్పులేకుండ నిలిపివేసెను. నియోజకవర్గముల యెల్లలును అట్లే నిలిచిపోయెను. నగరము మాత్రము నిలువలేదు. పొట్టకూటికై పల్లెలు విడిచి వచ్చినవారితో శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి వైపులు నిండిపోయెను. ఖైరతాబాదు దేశములోని మిక్కిలి పెద్ద నియోజకవర్గములలో ఒకటి యయ్యెను. ఒకచోట లక్షమంది కలిసి ఒక సభ్యుని పంపుచుండగా, వేరొకచోట అయిదులక్షలమంది కలిసి ఒక్కనినే పంపినచో, రెండవచోటి వోటు మొదటి దానిలో అయిదవ పాలే గదా! కుళాయి నీరు, మురుగుకాలువ, పాఠశాల కోరువారు వేలకొలది పెరిగినను, వారి పక్షమున సభలో పలుకు నోరొక్కటియే.

ఆ యొక్క స్థానమునకు 1978లో కార్మిక నాయకుడైన పి. జనార్దనరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున ఎన్నికైరి. 1983లో రామారావుగారి తెలుగుదేశము గాలి వీచి ఆ స్థానమును కొనిపోయెను. అయినను రెండేండ్లకే జనార్దనరెడ్డిగారు తిరిగివచ్చి, 1985, 1989, 1994 సంవత్సరములలో వరుసగా గెలిచిరి. 1994లో రాష్ట్రమంతట కాంగ్రెసునకు ఇరువదియారు స్థానములే దక్కగా, అందు ఖైరతాబాదొకటి. బస్తీ ప్రజలు పక్షముకంటె మనిషిని నమ్మినారనుట కింతకంటె వేరు నిదర్శన మేల? 1999లో కేంద్ర నేరపరిశోధన సంస్థకు పూర్వము అధిపతియైన విజయరామారావుగారు తెలుగుదేశము పక్షమున గెలిచిరి. 2004లో ప్రజలు మరల జనార్దనరెడ్డిగారినే పంపిరి. ఆయన 2007లో మరణించగా, 2008 ఉపఎన్నికలో ఆయన కుమారుడు ఎన్నికయ్యెను.

ఆ సంవత్సరముననే 2001 జనగణనము ననుసరించి క్రొత్త యెల్లలు అమలులోనికి వచ్చెను. హైదరాబాదు జిల్లాకు పదుమూడు స్థానములకు మారుగా పదునైదు లభించెను. పాత ఖైరతాబాదునుండి జూబిలీ హిల్సు, శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి విడివడెను. ఇందొక విచిత్రము గలదు. జూబిలీ హిల్సు అను పేరు వినినంతనే శ్రీమంతుల భవనములు కన్నులకు గట్టును. ఆ నియోజకవర్గములో యూసుఫ్‌గూడ, బోరబండ, రహ్మత్‌నగరు, ఎర్రగడ్డ వంటి సామాన్యుల పేటలే ఎక్కువ. పేరుగాంచిన భవనములలో పెక్కు ఖైరతాబాదులోనే యున్నవి. పేరునుబట్టి ఊరిని తెలిసికొనరాదు.

విడివడినందున వోటు బరువు కొంత పెరిగినది. పెరిగిన బరువును వాడుకొనువారేరీ? 2025 నవంబరు 11వ తేదీన జూబిలీ హిల్సులో ఉపఎన్నిక జరుగగా, నాలుగు లక్షలు దాటిన వోటర్లలో సగముమందియైనను రాలేదు. ఎల్లలు గీచువారి అన్యాయము ముప్పది యేండ్లకు పైగా సాగెనని వగచితిమి. ఇంటినుండి కదలని మన అన్యాయము మాట యేమి? అయిదులో ఒక పాలైన వోటునకు ఆనాడు ఎండలో వరుసకట్టి నిలిచిన బస్తీ స్త్రీ, చదువుకొన్న మనకంటె రాజ్యాంగము నెక్కువగా నెరిగినదని చెప్పవలసియున్నది.

ఈ విచారము గృహిణులకు మరింత ముఖ్యము. 2023 నాటి 106వ సవరణము శాసనసభలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించుచు, దాని అమలును జనగణనముతోను, క్రొత్త యెల్లల నిర్ణయముతోను ముడివేసినది. గీత యెక్కడ పడుననునది నేడు వారి ఆసనము మాట కూడ. కావున, తమ యిల్లు ఏ నియోజకవర్గములో నున్నది, అందెందరు వోటర్లు గలరు, తమ కుటుంబమందలి యువతీయువకుల పేర్లు జాబితా కెక్కినవా యని ప్రతి గృహమందును విచారింతురుగాక. ఎల్లలు గీచునప్పుడు పలుకనివారికి, పిదప వగచు నధికారము స్వల్పము.