పొక్కులన్నియు సర్పి కావు

జననేంద్రియములపై ఒక చిన్న పొక్కు కనబడినచో మనుష్యుడు పడు ఆందోళన ఇంతింత కాదు. ఎవరితోను చెప్పుకొనలేడు. ఈ భయమునకు వెనుక ఒక చరిత్ర కలదు: ఆ చోట పుట్టు పుండ్లను వేరువేరుగా గుర్తించుటకు వైద్యులకే శతాబ్దములు పట్టినది.

'సర్పి' అను మాటనే చూడుడు. ప్రాకు పొక్కులకు మనవారు పెట్టిన పేరది. గ్రీకు వైద్యుల 'హెర్పీస్' అను పదమునకును ప్రాకుట యనియే అర్థము. సంస్కృతమునందలి 'సృప్' ధాతువును, ఆ గ్రీకు ధాతువును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. పేరు కలిసినను వ్యాధులు కలియవు. నడుము చుట్టు వచ్చు సర్పికి కారణము ఆటలమ్మ వైరస్; జననేంద్రియములపై వచ్చునది వేరొకటి. ఈ రెండవదానిని 1736లో ఫ్రెంచి వైద్యుడు అస్ట్రుక్ వర్ణించెను.

అయినను చిక్కు వీడలేదు. సవాయి, సెగరోగము ఒకటి కావని 1838లో రికార్డ్ చూపెను. మెత్తని పుండు కలిగించు సూక్ష్మజీవిని 1889లో డుక్రే కనుగొనెను. 1905వ సంవత్సరము మరువరానిది. ఆ యేడు బెర్లినులో షౌడిన్, హాఫ్‌మన్‌లు సవాయి క్రిమిని పట్టుకొనిరి. ఆ యేడే మద్రాసులో డొనొవాన్ మరియొక జాతి పుండులో వింత కణములను చూచెను. కోస్తా ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. ఆ వ్యాధికి నేడు ఆయన పేరే కలదు. దానిపై మద్రాసు వైద్యులు రాజం, రంగయ్యలు వ్రాసిన గ్రంథమును 1954లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించెను.

సర్పి వైరస్‌లో రెండు రకములున్నవని 1960వ దశకమున తేలినది. మొదటిది ఎక్కువగా పెదవులపైనను, రెండవది క్రిందిభాగమునను పొక్కులు లేపునని అనుకొనిరి గాని, మొదటిదియు క్రిందిభాగమునకు రావచ్చును.

సర్పి సాధారణముగ గుంపుగా నీటిపొక్కులై, మంటతో చితికి పుండగును. ఒంటరిగా, గట్టిగా నుండు మొటిమ వెంట్రుక కుదురు వాపు కావచ్చును. 1896లో ఫోర్డైస్ వర్ణించిన నిరపాయమైన నూనెగ్రంథియు కావచ్చును. సవాయి తొలి పుండో, తరచు నొప్పియే లేక తనంత తాను మాసి, రోగమును లోపల నిలుపును. జనులు సర్పికి భయపడునంతగా ఈ నొప్పిలేని పుండునకు భయపడకపోవుట విచిత్రము. సర్పికి ఎసైక్లోవిర్ కలదు. దాని తయారీ వెనుకనున్న ఎలియన్‌కు 1988లో నోబెల్ బహుమతి లభించినది. పొక్కులు త్వరగా మానును గాని వైరస్ నాడీకణములలో దాగియుండును. తడి పొక్కునుండి తీసిన పరీక్షయే నమ్మదగినది. ఎండిన పిమ్మట నిర్ణయము కష్టము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వారికి పెద్దాసుపత్రి యనగా చిరకాలము వరంగల్లు మహాత్మాగాంధి స్మారక ఆసుపత్రియే. 2016లో ఈ మూడును జిల్లా కేంద్రములైనవి. మహబూబాబాదున 2022లో, మిగిలిన రెంటను 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. 2007నాటి జాతీయ పద్ధతిలో సర్పి పుండు మందులకు ఎర్రపొట్లము, సవాయి, మెత్తని పుండ్లకు తెల్లపొట్లము ఏర్పరచిరి. ఏ పొట్లమో తేల్చవలసినది పుండును కన్నులార చూచిన వైద్యుడే.