తెలుగు, ఉర్దూ సరే... కోయభాష సంగతేమిటి?

మేడారం జాతరలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో గద్దెకు చేర్చేది కోయ ఆదివాసీ పూజారులైన వడ్డెలే. సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి తరలివస్తారు. కరువులో కప్పం కట్టలేమని కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచిన ఈ వీరుల కథను తరతరాలుగా బతికించినవి డోలి కొట్టి పాడే కోయ కళాకారుల గొంతులు. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ దక్కింది, 2024లో కన్నుమూశారు. జాతరకైతే 1996లోనే రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. పండుగను గౌరవించుకున్నాం, పాటగాణ్ని గౌరవించుకున్నాం. ఆ పాట పుట్టిన భాషకు మాత్రం ప్రభుత్వ వ్యవహారంలో చోటు దొరకలేదు. తెలంగాణ అధికార భాషలు తెలుగు, ఉర్దూ. రెండు భాషలను సమానంగా చూడగానే భాషాన్యాయం పూర్తయిందనుకోవడం పొరపాటు. ఆ రెండింటికీ వెలుపల ఉన్న మూడో భాషను ఎలా చూస్తున్నామన్నదే ఏ ద్విభాషా విధానానికైనా అసలు పరీక్ష.

సొంత భాషకు విలువ లేకపోతే ఎలా ఉంటుందో తెలంగాణకు ఒకరు చెప్పనక్కర్లేదు. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు కూడా ఉర్దూలోనే. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువారి సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయింది. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. రెండూ సబబైన నిర్ణయాలే. అయితే ఈ వాదోపవాదాల్లో అడవి పల్లెల మాట ఎక్కడా వినిపించలేదు. తెలుగుకే తగిన చోటివ్వని నిజాం ప్రభుత్వం 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచింది. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. ఆదివాసీ భాషలో చదువు చెప్పడం అసాధ్యమనే మాటకు ఎనభై ఏళ్ల కిందటే ఇక్కడే జవాబు దొరికింది.

ద్విభాషా దేశం అనగానే అందరికీ గుర్తొచ్చేది కెనడా. 1969లో అక్కడ ఇంగ్లీషుకూ ఫ్రెంచికీ సమాన హోదా ఇస్తూ చట్టం చేశారు. అల్పసంఖ్యలో ఉన్న ఇంగ్లీషు, ఫ్రెంచి కుటుంబాల పిల్లలు తగినంత మంది ఉన్నచోట సొంత భాషలో చదువుకునే హక్కును 1982 రాజ్యాంగ పత్రం కల్పించింది. ఇంత శ్రద్ధ ఉన్న దేశంలోనే ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి వసతి బడుల్లో ఉంచారు, తల్లిభాష మాట్లాడితే దండించారు. ఆ బడుల విషయంలో 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆదివాసీ భాషల చట్టం రావడానికి మాత్రం 2019 దాకా పట్టింది. రెండు పెద్ద భాషలు రాజీపడడానికీ, మొదటి నుంచీ ఆ నేల మీదున్న భాషలు గుర్తుకు రావడానికీ మధ్య యాభై ఏళ్లు గడిచాయి. అంత ఆలస్యాన్ని కోయభాష తట్టుకోలేదు.

కోయలందరికీ తెలుగు వచ్చు కదా, ఇక ఇబ్బందేముందని కొందరు అడుగుతారు. పెద్దలు సంతలో తెలుగు మాట్లాడడం వేరు, ఇంట్లో కోయ విని పెరిగిన ఆరేళ్ల పిల్ల మొదటిరోజే తెలుగు పాఠం అందుకోవడం వేరు. కోయ తెలుగులో ఒక యాస కాదు. గోండికి బాగా దగ్గరి భాష, తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందింది. లిపి లేదన్న అభ్యంతరమూ నిలవదు. ఇంగ్లీషు, ఫ్రెంచి రాసుకునేది ఒకే రోమన్ లిపిలో. కోయను తెలుగు లిపిలో రాయడం ఎప్పుడో మొదలైంది. అన్నిటికంటే బరువైన ప్రశ్న బతుకుతెరువుది. ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగమని తల్లిదండ్రులు అనుకోవడం న్యాయమే. కానీ తెలిసిన భాషలో చదవడం, రాయడం పట్టుబడిన పిల్లలకు తెలుగైనా ఇంగ్లీషైనా తేలికవుతుంది. కోయతో మొదలుపెట్టి తెలుగులోకి, ఇంగ్లీషులోకి నడిపించాలన్నదే ఇక్కడి కోరిక, ఆ రెండింటినీ దూరం చేయాలని ఎవరూ అనడం లేదు.

ఖర్చు మాటకొస్తే, రాష్ట్రమంతటా ప్రతి కార్యాలయంలో కోయ ఉండాలని ఎవరూ కోరడం లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో కోయ మాట్లాడేవారు 4,07,423 మంది. వారు ఎక్కువగా ఉన్న ఏజెన్సీ మండలాల్లో ప్రాథమిక బడి, ఆసుపత్రి, మండల కార్యాలయం కోయలో పలికితే చాలు. ఇందుకు కొత్త సిద్ధాంతమూ అక్కర్లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, గోండి, కొలామీ సహా ఎనిమిది భాషల్లో బహుభాషా బోధన మొదలైంది. ఆదివాసీ భాష సంతాలీ 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూలుకెక్కింది. 2023 చట్టంతో ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. కోయ ఉపాధ్యాయులను తయారుచేయడం, నిఘంటువు, పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయడం దాని మొదటి పనులు కావాలి. ఏజెన్సీలో కోయకు అధికార హోదా ఇవ్వడం శాసనసభ పని. తమ భాషలో చదువు కావాలని, తమ మాటకు సభలో మర్యాద కావాలని ఒకనాడు తెలుగువారు నిజాం రాజ్యాన్ని అడిగారు. ఈనాడు అధికారం తెలుగువారి చేతుల్లో ఉంది. ఆనాడు మనం కోరిన న్యాయాన్ని ఇప్పుడు కోయలకు చేయాల్సింది మనమే.