భోగి ఫొటో వెనక రాత

మూలం: భిలాయి, సెక్టారు 7. 74 భోగి. సిగ్డీ కాడ అందరం. స్వెట్టర్లు నేనే అల్లాను. ఆయన నైట్ డూటీ చేసి పడుకున్నారు.

పార్వతీపురం దగ్గరి పుట్టింటికి మా అమ్మ పంపిన ఫొటో వెనక ఉన్నది ఇంతే. ఇప్పుడు ఇంటింటా పాత ఫొటోలు బయటికి తీసి, స్కాన్ చేసి, బంధువులకు పంచుకుంటున్నారు. చాలామంది ముందు వైపే పంపుతున్నారు. వెనక రాత లేకపోతే సగం ఫొటో పోయినట్టే. అందుకే ఈ రాతకు వరసగా వ్యాఖ్యానం.

భిలాయి, సెక్టారు 7: ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 74లో ఆ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది, ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబరు 1న. ఇటు విజయనగరం జిల్లా కూడా అప్పటికి లేదు. పార్వతీపురం సిక్కోలు జిల్లాలోదే. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం 1931కే పూర్తయింది. పార్వతీపురంలో ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్ దాటి రాయపూర్, ఆ పక్కనే భిలాయి. మా వైపు నుంచి అంతమంది అక్కడికి చేరడానికి ఈ దారే పెద్ద ఊతం. చేరినవాళ్లకు కులాన్నో వీధినో బట్టి కాక, కంపెనీ కేటాయింపును బట్టి ఇల్లు దొరికింది. అందుకే ఒకే స్ట్రీటులో తెలుగు, బెంగాలీ, పంజాబీ, మలయాళీ కుటుంబాలు పక్కపక్కనే ఉండేవి. సెక్టారు నంబరు రాయకపోతే ఆ ఇరుగుపొరుగు ఎవరో తేల్చే దారి లేదు.

74 భోగి: జనవరి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల దాకా దిగుతుంది. సముద్రపు గాలికి అలవాటైన ఒంటికి అది కొత్త చలి. పొద్దున్నే పొగమంచు. మంచులో మామూలు కెమెరాకు వెలుతురు చాలదు కాబట్టి ఎండ పొడిచేదాకా ఆగి తీసేవారు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయాలన్నది ఆనాటి నియమం. ఆ కాలపు చలికాలం ఫొటోల్లో పిల్లలంతా కళ్లు చిట్లించుకుని ఉంటారు, కారణం ఇదే.

సిగ్డీ కాడ: తెలుగులో కుంపటి అంటే సరిపోతుంది గానీ, వస్తువు వేరు. ఇనప బక్కెట్టుకు పక్కన కన్నం కోసి, మధ్యలో ఊచలు పెట్టి, లోపల మట్టి మెత్తుతారు. అడుగున పిడకలు, కర్రముక్కలు, పైన బొగ్గు. అంటుకునేటప్పుడు విపరీతమైన పొగ, కాబట్టి గుమ్మం బయటే వెలిగించి, పొగ పోయాక లోపలికి తెచ్చేవారు. తలుపులు బిగించి రాత్రంతా ఉంచితే ప్రాణం మీదికి వస్తుంది. ఛత్తీస్‌గఢీ ఇళ్లలో కాచుకోవడానికి మట్టిదైన గోర్సీ ఉండేది. మా ఫొటోలో సిగ్డీ ముందు నేల మీద తెల్లటి మచ్చ ఉంది. కాగితం పాడైందనుకుని మా పిల్లలు కంప్యూటర్లో దాన్ని చెరిపేయబోయారు. అది కన్నంలోంచి రాలిన బూడిద. పాత ఫొటోకు సొగసులు దిద్దకండని నేను అందరినీ బతిమాలేది ఇందుకే.

అందరం: ఇది మాత్రం నిజం కాదు. ఫొటో తీసినవారు ఇందులో లేరు. కింది అంచున టోపీ పెట్టుకున్న ఒక నీడ పడింది, అంతే. కెమెరా ఇరుగుపొరుగులో ఎవరిదో.

స్వెట్టర్లు నేనే అల్లాను: ఈ రాతలో అమ్మ గర్వపడిన చోటు ఇదొక్కటే. పెళ్లయ్యేదాకా ఊలు సూదులు చూడని మనిషి. పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర నేర్చుకుంది. సీధా, ఉల్టా అని లెక్కపెడుతూ అల్లేది, తెలుగులో ఆ లెక్క ఆమెకు వచ్చేదే కాదు. పిల్ల ఎదిగితే స్వెట్టరు పారేయరు. మొత్తం ఊడదీసి, ఊలును చిలపలు చుట్టి, తడిపి, వంకర పోయేలా ఆరబెట్టి మళ్లీ అల్లుతారు. చాలని చోట వేరే రంగు కలుస్తుంది. ఫొటోలో తమ్ముడి స్వెట్టరుకు నడుం దగ్గర నాలుగు వేళ్ల ముదురు పట్టీ కనిపిస్తుంది. అంతకుముందు ఏడు అది నాది. అసలు రంగు ఇటుక ఎరుపు, పట్టీ నీలం. నలుపు తెలుపు ఫొటో ఈ సంగతి ఎన్నటికీ చెప్పదు. అమ్మ చెప్పింది కాబట్టి తెలిసింది.

ఆయన నైట్ డూటీ చేసి పడుకున్నారు: రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగే షిఫ్టు. బ్లాస్ట్ ఫర్నేసు ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆరదు, పండగైనా అంతే. దానితో పాటు ప్లాంటు మూడు షిఫ్టులూ నడవాల్సిందే. నాన్న రైల్ మిల్లులో పని చేశారు. ఆ మిల్లు పట్టాలే దేశమంతా పరుచుకున్నాయి. ఇంటి ఆల్బంలో మాత్రం నాన్న చాలా తక్కువగా కనిపిస్తారు. ఎండలో ఫొటో తీసే వేళకు ఆయన నిద్రలోనో డ్యూటీలోనో ఉండేవారు. ఈ ఒక్క వాక్యం లేకపోతే, తండ్రి లేని కుటుంబం అనుకునేవారు మనవలు.

ఇక పంచేటప్పుడు. ఇలాంటి ఫొటో ఆరు సెంటీమీటర్ల చదరం. 600 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేసి, వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది. కొత్తగా తెలిసిన సంగతులను ఫొటో మీద బాల్ పెన్నుతో రాయొద్దు, అచ్చు ముందుకు పొడుచుకొస్తుంది. విడి కాగితం మీద రాసి దానితోనే ఉంచండి. మా కాగితంలో రంగులు, బూడిద, నాన్న మిల్లు పేరు చేరాయి. నీడ ఎవరిదో అమ్మను అడగాల్సి ఉంది.