పత్తర్‌గట్టీ నుంచి రెగ్యులేషన్ 13 దాకా

మదీనా సెంటర్ నుంచి చార్మినార్ వైపు నడిచేవాళ్ల చూపంతా దుకాణాల మీదే ఉంటుంది. తల కాస్త ఎత్తితే రోడ్డు పొడవునా ఒకే తీరులో సాగిపోయే రాతి కమానులు కనిపిస్తాయి. అదే పత్తర్‌గట్టీ. దానంతటదే అలా కుదిరింది కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు రోడ్డు వెడల్పు చేసి, కింద దుకాణాలు, పైన ఇళ్లు, నడిచేవాళ్లకి నీడ ఉండేలా గ్రానైట్‌తో ఈ వరస కట్టించింది. దుకాణదారుడి అభిరుచితో పన్లేదు, ముందు భాగం ఎలా ఉండాలో సర్కారే గీసేసింది.

నిజాం హుకుం నడిచే రోజులు కాబట్టి సాధ్యమైందని కొట్టిపారేయొచ్చు. బోర్డు తీసేసిన పాత బస్తీల్లో ఎవరుండేవాళ్లో, ఎటు పోయారో ఆ కమానులు చెప్పవు కూడా. కానీ వీధి మొత్తాన్ని ఒక్క డిజైన్‌గా చూసిన చూపు అది. తర్వాత మనం రాసుకున్న రూల్స్‌లో నాకు దొరకనిది అదే.

ఆ రూల్స్‌లో ముఖ్యమైంది రెగ్యులేషన్ 13. హుడా 1981 నాటి జోనింగ్ నిబంధనలకి 1995లో వారసత్వ కట్టడాల జాబితా జతచేశారు. అదే ఏడాది ముంబై కూడా ఇలాంటి నిబంధనలు తెచ్చుకుంది. జాబితాలో ఉన్నదాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా హుడా అనుమతి కావాలి. హుడా హెరిటేజ్ కమిటీ సలహా తీసుకోవాలి. మా భాషలో చెప్పాలంటే రివ్యూ అవ్వకుండా మెర్జ్ చెయ్యకూడదు. భవనాలతో పాటు బండరాళ్లనీ చేర్చడం నాకు భలే నచ్చిన విషయం. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి, శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు లాంటివి. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్‌కి మునిసిపల్ రక్షణ!

అయితే జాబితా విడివిడి వస్తువుల్ని కాపాడుతుంది. దేవిడీని ముట్టుకోకూడదు సరే, దాని పక్కన లేచే అద్దాల టవర్ సంగతి? కట్టడం సొంతదారుకి కూడా అది గౌరవం కంటే గుదిబండలాగే అనిపించింది. రిపేరు ఖర్చు అతనిది, అమ్ముకునే స్వేచ్ఛకి మాత్రం కత్తెర. అలాంటి రూల్‌కి పక్షం వహించేవాళ్లు తక్కువే ఉంటారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కొత్త హెరిటేజ్ చట్టం 2017లో వచ్చింది.

ఈ మార్పు ఎంత ప్రమాదమో ఇర్రం మంజిల్ దగ్గర తేలింది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన మహల్ అది. ఫార్సీలో ఇరం అంటే స్వర్గం. తెలుగువాళ్ల నోట్లో అది ‘ఎర్రం’ అయిందనీ, మహల్‌కి ఎరుపు రంగు అందుకే వేయించారనీ ఒక కథ. నిజమో కాదో గానీ, మెట్రో స్టేషన్ పేరు విన్నప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది. 2019 జూన్‌లో మంత్రివర్గం అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని నిర్ణయించింది. జనం కోర్టుకెళ్లారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చెప్పిన పద్ధతి పాటించలేదన్నది ప్రధానమైన అభ్యంతరం. అందం గురించో చరిత్ర గురించో ఎంత వాదించినా, చివరికి మహల్‌ని నిలబెట్టింది అనుమతుల క్రమం.

మహల్ కోసం పిటిషన్ వేయడానికి మనుషులున్నారు. మాదాపూర్‌లో ఆఫీసుకి వెళ్లే దారిలో, లేఅవుట్‌కి అడ్డమొచ్చిన బండల్ని ముక్కలు చేసే మిషన్ల చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. వాటిలో చాలావాటికి పేరు కూడా లేదు.