తీవ్ర నేరారోపణలు – నిందితుని హక్కులు – ఉచిత న్యాయ సహాయం

నేరం రుజువయ్యే వరకు నిందితుడు నిర్దోషిగానే పరిగణింపబడతాడన్నది మన న్యాయవ్యవస్థకు మూలసూత్రం. ఈ సూత్రం ఆచరణలో ఫలించాలంటే నిందితుని పక్షాన చట్టం తెలిసిన న్యాయవాది నిలబడాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మారుమూల గ్రామాలలోని కూలీలకు, మత్స్యకారులకు, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాల సవర, జాతాపు గిరిజనులకు న్యాయవాదిని నియమించుకొనే స్థోమత ఉండకపోవచ్చును. అట్టివారికి ప్రభుత్వ ఖర్చుతో లభించే న్యాయవాది సేవ దయాభిక్ష కాదు, రాజ్యాంగబద్ధమైన హక్కు.

తీవ్ర నేరం అనగా

అమెరికాలో తీవ్ర నేరాలను 'ఫెలొనీ' అని వ్యవహరిస్తారు. మన చట్టాలలో ఆ పేరుతో ప్రత్యేక తరగతి లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంతకుముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వలెనే, నేరాలను రెండు విధాలుగా విభజించింది. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగినవి కాగ్నిజబుల్ నేరాలు. బెయిలు హక్కుగా కాక, న్యాయస్థానం విచక్షణ మేరకు లభించేవి నాన్ బెయిలబుల్ నేరాలు. హత్య, హత్యాయత్నం, అత్యాచారం, బందిపోటు దోపిడీ వంటివి ఈ రెండు కోవలకూ చెందుతాయి. వీటి విచారణ సెషన్స్ కోర్టులో జరుగుతుంది. హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవ కారాగార శిక్ష విధించవచ్చును. సెషన్స్ కోర్టు విధించిన మరణశిక్షను హైకోర్టు ధృవీకరించవలసి ఉంటుంది.

ఒడిశా సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో గంజాయి రవాణా కేసులను ప్రత్యేకంగా పేర్కొనవలసి ఉంది. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం మేరకు 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం కిందకు వస్తుంది. అందుకు 10 నుండి 20 సంవత్సరాల కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా విధిస్తారు. నాలుగు రోజుల కూలి డబ్బులకు ఆశపడి మూట మోసిన వానికీ ఇదే శిక్ష వర్తిస్తుంది. మూట తన వద్ద దొరికినట్లు రుజువైన పిమ్మట, అందులో ఏమున్నదో తనకు తెలియదని నిందితుడే సందేహానికి తావులేకుండా నిరూపించుకోవాలి. న్యాయవాది తోడ్పాటు లేకుండా సామాన్యునికి ఇది సాధ్యమయ్యే పని కాదు.

అరెస్టు సమయంలో హక్కులు

అరెస్టుకు గల కారణాలను నిందితునికి తెలియజేయాలి. అతను కోరిన బంధువుకో, మిత్రునికో సమాచారం అందించాలి. ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. పోలీసులు ప్రశ్నించే సమయంలో, ఆసాంతం కాకపోయినా, తన న్యాయవాదిని కలుసుకొనే హక్కు నిందితునికి ఉంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని అతనిపై రుజువుగా వినియోగించరాదు. ఖాళీ కాగితాలపై సంతకం గాని, వేలిముద్ర గాని వేయకుండా జాగ్రత్త వహించాలి. మేజిస్ట్రేటు ఎదుట తొలిసారి హాజరుపరచిన నాటి నుండే ఉచిత న్యాయ సహాయం అందవలసి ఉంటుందని 1980లో ఖత్రి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

న్యాయవాది ఆవశ్యకత

మరణశిక్ష, యావజ్జీవం లేదా 10 సంవత్సరాలు, అంతకు మించిన శిక్షకు వీలున్న నేరాలలో 90 రోజులలోగా, మిగిలిన వాటిలో 60 రోజులలోగా ఛార్జిషీటు దాఖలు కావాలి. వాణిజ్య పరిమాణంలోని గంజాయి కేసులకు ఈ గడువు 180 రోజులు. గడువు దాటితే రిమాండులో ఉన్న నిందితునికి బెయిలు హక్కుగా లభిస్తుంది. అయితే ఛార్జిషీటు దాఖలయ్యేలోగానే దరఖాస్తు చేసుకోవాలి. జాప్యం జరిగితే ఆ హక్కు చేజారుతుంది. రోజులు లెక్కించి సకాలంలో దరఖాస్తు వేసే న్యాయవాది లేనందున ఒక కుటుంబం నెలల తరబడి సంపాదనపరుణ్ణి కోల్పోయే ప్రమాదం ఉంది. సాక్షులను అడ్డుప్రశ్నలు వేసి పరీక్షించడం, పంచనామాలోని లోపాలను ఎత్తిచూపడం, తెలుగు సరిగా రాని గిరిజనునికి సాక్ష్యాన్ని అతని భాషలో వినిపించమని కోరడం కూడా న్యాయవాది బాధ్యతలే.

హక్కు రూపుదిద్దుకున్న తీరు

తెలంగాణ సాయుధ పోరాటానికి సంబంధించిన జనార్దనరెడ్డి కేసులో, విచారణ సమయంలో న్యాయవాది లేనంత మాత్రాన ఆ విచారణ చెల్లకుండా పోదని 1951లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. తదుపరి కాలంలో పరిస్థితి మారింది. విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని నక్సలైటు ఖైదీలు దాఖలు చేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన ఖైదీ తన ప్రాథమిక హక్కులన్నింటినీ కోల్పోడని 1974లో అదే న్యాయస్థానం పేర్కొంది. 1976లో 42వ సవరణ ద్వారా ఉచిత న్యాయ సహాయం రాజ్యాంగంలో 39-ఎ అధికరణంగా చేరింది. నిందితుడు అడగకపోయినా ఈ హక్కు అతనికి ఉంటుందని, పేద నిందితునికి న్యాయవాదిని సమకూర్చకుండా విధించిన శిక్ష చెల్లదని 1986లో సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సహాయం పొందే విధానం

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉంది. దీని మేరకు షెడ్యూల్డు కులాలు, తెగలవారు, మహిళలు, బాలలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్న ఏ వ్యక్తి అయినా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరంలలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు తెల్లకాగితంపై దరఖాస్తు చేసుకోవచ్చును. జైలులో ఉన్నవారు జైలు అధికారుల ద్వారా కోరవచ్చును. చదువురానివారు నేరుగా మేజిస్ట్రేటుకు నోటిమాటగా విన్నవించుకున్నా సరిపోతుంది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ వారి 15100 నెంబరుకు ఫోను చేయవచ్చును. ఈ విధంగా నియమింపబడిన న్యాయవాదికి నిందితుడు గాని, కుటుంబ సభ్యులు గాని ఎట్టి ఫీజు చెల్లించనవసరం లేదు.

అరెస్టయిన వారి బంధువులు మధ్యవర్తులను ఆశ్రయించి అప్పులపాలు కాకుండా, తొలి రోజుననే ఈ సదుపాయాన్ని సద్వినియోగం చేసుకోవలసి ఉంది.