మంగళగి చేలో దుల్కీ

చలి ఇంకా వదల్లేదు. కంది కోసిన చేలో మోళ్లు మంచుకు తడిసి నల్లగా ఉన్నాయి. దూరంగా హైదరాబాద్–షోలాపూర్ రోడ్డు మీద లారీల హోరు సన్నగా వినిపిస్తోంది. వేపచెట్టు కింద మా గుర్రం కల్యాణి చెవులు ఇటు తిప్పింది. ఎర్రటి ఒళ్లు, నాలుగు కాళ్లకూ తెలుపు, నుదుటి మీద మరో తెలుపు. పంచకల్యాణి కాబట్టి పిలిచే పేరు కూడా అదే.

మంగళగి మా ఆవిడ పుట్టినూరు. బీదర్ జిల్లాలో, జహీరాబాద్‌కి ఆవలి పక్క. 1956 దాకా జహీరాబాద్ కూడా బీదర్ జిల్లాలోదే. అందుకే ఈ అత్తవారింట్లో తెలుగు, కన్నడం, దక్కనీ ఒకే పూటలో వినిపిస్తాయి. గుర్రాన్ని మాత్రం అందరూ దక్కనీలోనే అదిలిస్తారు.

"ఎన్కనించి పోవద్దు అల్లుడా" అంటున్నాడు మామ. "దాని కండ్లు పక్కలకుంటయి. ముక్కు ముంగట, తోక ఎన్క ఏమున్నదో దానికి కనవడదు. భుజం దిక్కు నుంచి రా. మాట్లాడుకుంట రా."

మాట్లాడుతూ వెళ్తున్నాను. చేతిలో ఇనప పళ్ల ఖరారా. మెడ నుంచి మొదలుపెట్టి భుజం మీదికి, పక్కటెముకల మీదికి గుండ్రంగా రుద్దితే దుమ్ము, ఊడిన వెంట్రుకలు పైకి తేలతాయి. తర్వాత బ్రష్షుతో వాటిని దులపాలి. జీను కూర్చునే చోట గడ్డిపరక మిగిలినా నడకలో ఒరుసుకుని పుండవుతుంది. కల్యాణి కింది పెదవి వేలాడేసి, వెనక కాలొకటి సడలించింది. నన్ను నమ్మిందన్నమాట. నాకు అది చాలు. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక మా ఆవిడకు గుర్రం కనిపించేది బారాత్‌లలోనే. బ్యాండు హోరులో చెవులు వెనక్కి అణచుకుని నిలబడ్డ గుర్రాన్ని చూస్తే బండి పక్క వీధిలోంచి తిప్పమనేది. ఆ చెవుల్లో ఆమెకు ఏం కనిపించేదో ఇప్పుడిప్పుడే నాకు అర్థమవుతోంది. నేను ఈ వయసులో నేర్చుకుంటున్నది అందుకే.

మామ బండారు పసుపు చిటికెడు తీసి గుర్రం నుదుట అద్దాడు. భాల్కి దగ్గర ఖానాపూర్ మైలార మల్లన్న ఈ ఇంటి దేవుడు. ఆయన వాహనం గుర్రం. కల్యాణిని కొన్నది కూడా ఆ దేవుడి జాతరలోనే, నాందేడ్ జిల్లా మాళేగావ్‌లో. అక్కడ ఆయనను ఖండోబా అంటారు. కొనేవాళ్లు ముందు పళ్లు చూసి వయసు కడతారు, తర్వాత సుడులు వెతుకుతారు. ఈ లక్షణాల చర్చ మనకు కొత్త కాదు. మనుమంచి భట్టు తెలుగులో 'హయలక్షణ విలాసము' అని ఏకంగా ఒక కావ్యమే రాశాడు.

జీను వేసి పట్టీ బిగించాం. కత్తి ఎడమ నడుముకు వేలాడిన రోజుల నుంచీ ఎక్కడం ఎడమ పక్క నుంచే. రికాబులో పాదం, జూలు మీద చేయి, ఒక్క ఊపు. నేల ఉన్నట్టుండి చాలా కిందికి పోయింది.

పగ్గాలు మాత్రం నా చేతికివ్వలేదు. పొడుగాటి తాడు పట్టుకుని మా ఆవిడ నడుమ నిలబడింది. కల్యాణి ఆమె చుట్టూ తిరుగుతోంది. కళ్లెం ఇనుము గుర్రం నోట్లో పళ్లు లేని సందులో చిగురు మీద ఆనుతుంది. తూలినప్పుడల్లా కొత్తవాడు పగ్గాలకు వేలాడితే ఆ దెబ్బంతా అక్కడే తగులుతుంది. ముందు నడుము నిలవాలి, తర్వాతే చేతికి పగ్గం. ఈ ఇంటి పద్ధతి ఇది, నా దృష్టిలో ఇంతకన్నా న్యాయమైనది లేదు.

"ఊపిరి వట్టకుండ్రి" అంటోంది ఆమె. "మీరు బిగుసుకుంటే అదీ బిగుసుకుంటది. ఇడువుండ్రి."

విడిచాను. వెంటనే కింద వీపు మెత్తబడింది. ఆమె నాలుకతో టక్కుమంది. దుల్కీ మొదలైంది.

దుల్కీ పరుగులో గుర్రం కాళ్లు ఐమూలగా జతపడతాయి: కుడి ముందు, ఎడమ వెనక ఒకసారి, ఎడమ ముందు, కుడి వెనక మరోసారి. ఒక అడుగుకు లేవాలి, మరో అడుగుకు కూర్చోవాలి. బలంతో లేస్తే కుదరదు. గుర్రమే ఎత్తుతుంది, ఎత్తనివ్వాలి. నేను ఆలస్యంగా లేచినప్పుడల్లా జీను కింద నుంచి తంతోంది. తొడల లోపలి కండరాలు మండుతున్నాయి. "ఏక్, దో, ఏక్, దో" అని ఆమె లెక్క. ఆ లెక్క, డెక్కల చప్పుడు, నా నడుము ఒక్క చుట్టు పొడుగునా కలిశాయి. ఆమె నవ్వింది. గుర్రాన్ని చూసి నవ్వే ఆ నవ్వు ఈసారి మా ఇద్దరికీ కలిపి.

దిగాక కాళ్లు వణుకుతున్నా దాణా పెట్టే పని నాదే. నానబెట్టిన శనగలు, జొన్న చొప్ప. గట్టి మీసాల మూతి అరచేతిలో వెచ్చగా గింజలు ఏరుకుంటోంది. గుర్రానికి శనగలు పెట్టడం ఇక్కడ కొత్త కాదు. 15వ శతాబ్దంలో రష్యాలోని త్వేర్ నుంచి అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు అమ్ముదామని ఒక మగగుర్రాన్ని తోలుకుని దక్కన్ వచ్చాడు. జున్నార్‌లో అక్కడి అధికారి దాన్ని లాక్కున్నాడు. తిరిగి దక్కించుకుని చివరికి బీదర్‌లో అమ్మాడు. ఇక్కడ గుర్రాలకు శనగలు పెడతారనీ, చక్కెర, వెన్న వేసి కిచిడీ వండి తినిపిస్తారనీ రాసుకున్నాడు. ఇక్కడికి పడమరగా ఉన్న ఆళంద్ ఉరుసులో ఇరవై వేల దాకా గుర్రాలు అమ్మకానికి వచ్చేవని కూడా అతని మాటే. బీదర్ నుంచి ఏలిన బహమనీ సుల్తానుల వజీరు మహమూద్ గవాన్ కూడా 1453లో బీదర్‌కు వర్తకుడిగానే వచ్చాడు. ఆయన 1472లో కట్టించిన మదర్సా ఇప్పటికీ ఉంది. సముద్రం దాటి వచ్చిన గుర్రాల మీద నడిచిన రాజ్యం అది. ఆ సుల్తానులు పోయారు. శనగలు నానబెట్టే పని మాత్రం మా మామలాంటి రైతుల ఇళ్లలో మిగిలింది.

మీ ఇంట్లోనూ గుర్రమంటే ప్రాణమిచ్చే మనిషి ఉంటే నలభై దాటిందని ఆగకండి. హెల్మెట్ పెట్టుకోండి. మడమ ఉన్న బూట్లు వేసుకోండి, లేకపోతే పాదం రికాబులోకి దూరి ఇరుక్కుంటుంది. మొదట కొన్నాళ్లు ఎక్కకండి. ఒళ్లు రుద్దండి, దాణా పెట్టండి, చెవులు చూడటం నేర్చుకోండి. మాళేగావ్ జాతర డిసెంబర్, జనవరి నెలల్లో జరుగుతుంది. ఇద్దరూ కలిసి ఒకసారి వెళ్లి రండి.